సంజీవప్ప టెంకాయ నిలబడిన చోటు

సంజీవప్ప అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడుస్తుంటే, నేలలో ఎవరో నిద్రపోతున్నారని, వాళ్లను లేపకుండా దాటుతున్నాడని అనిపించేది. ఆయనది రొద్దం పక్కన చిన్న పల్లె. బోరు వేసుకునే రైతులకు పాయింట్ చూపించడం ఆయన పని. చేతిలో పడుకున్న కాయ ఏ చోట నిటారుగా లేచి నిలబడితే ఆ చోట నీళ్లున్నట్టు.

కాయ లేచేది. సంజీవప్ప కళ్లు మూసుకునేవాడు. బోరు బండి వచ్చేది. దారి తప్పిన మబ్బు నేలలోంచి పుట్టినట్టు తెల్లటి దుమ్ము ఊరంతా కమ్ముకునేది. నీళ్లు మాత్రం పడేవి కావు. ఒక్కసారి కూడా.

అయినా పిలిచేవాళ్లు. ఎండిన బోరు పక్కన కూలబడ్డ రైతుతో, "గంగమ్మ ఇంట్లోనే ఉండాది లేప్పా, తలుపు తీయలా అంతే," అని ఆయన చెప్తే ఏడ్చేవాడు కూడా నవ్వేవాడు. ఆ టెంకాయతోనే భార్య యల్లక్క సాయంత్రం చట్నీ నూరేది. ఆమెకు మల్బరీ తోట, ఇంటినిండా పట్టుపురుగులు. వాటిని బతికించేది తోటలోని బోరే. దాని పాయింట్ సంజీవప్ప చూపించింది కాదు. ఆయన ఊళ్లో లేని రోజు చూసి యల్లక్క వేయించుకుంది.

ఇలా ఉండగా ఒక కంపెనీ వచ్చింది. గుట్ట కింద పశువుల బీడులో బోర్లు వేసి, పైపులు పరిచి, నీళ్లు బెంగళూరుకు తీసుకుపోతామంది. ఊరు ఊరంతా "మా నీళ్లు మావే" అని అట్టల మీద రాసుకుని రోడ్డుకు అడ్డంగా కూర్చుంది. కంపెనీ ఇంజనీరు రాఘవేంద్ర మెత్తటి మనిషి.

"ఒక్క బోరు వేసి చూస్తాం. అదీ మీ ఊరాయన చూపించిన చోటే. పడకపోతే బండి తిప్పుకుని పోతాం. పడితే మీరు అడ్డం రాకూడదు. సరేనా?" అన్నాడు.

ఊరు ఒకరి ముఖం ఒకరు చూసుకుంది. గొంతు దాకా వచ్చిన నవ్వును మింగేసి, "సరే సార్," అంది. జీవితంలో మొదటిసారి అందరూ సంజీవప్పను దేవుణ్ణి చూసినట్టు చూశారు.

టీ కొట్టు మద్దిలేటి ఆయన్ను కూర్చోబెట్టి డబ్బులడక్కుండా టీ ఇచ్చాడు. "ఏమప్పా, ఊరు నీ చేతిలో ఉండాది. నీళ్లు లేని చోటు చూపించు."

"అంటే కాయ పడుకున్న చోటు."

"వద్దబ్బా, నీకు దండం పెడతా! నీ కాయ లేచిన చోట ఎప్పుడన్నా పడిందా? లేచిన చోటే చూపించు. అదే గట్టి."

"అయితే నా కాయ అబద్ధమాడుతాదా?"

"యాడిది అబద్ధం? నిజమే చెప్తాది. తిరగేసి చెప్తాది."

సంజీవప్ప టీ సగం వదిలేసి లేచాడు. తను చూపించిన చోట నీళ్లు పైకి చిమ్మాలని, ఆ నీళ్లలో తల నుంచి కాలి దాకా తడవాలని ఆయనకున్న ఒకే ఒక్క కోరిక. ఇప్పుడు ఆ కోరిక తీరితే ఊరు మునుగుతుంది. తీరకూడదని మొక్కుకుంటూనే, చేతిని మాత్రం మోసం చేయనని అనుకున్నాడు.

మరునాడు బీడులో, యల్లక్క తోట కంచెకు కొంచెం ఎగువన, కాయ కోడిపుంజులా నిక్కి నిలబడింది. బోరు బండి మొదలైంది. దుమ్ము లేచింది.

"దుమ్మే!" అని ఊరు చప్పట్లు కొట్టింది. ఇంకా లోతుకు పోయింది. "దుమ్మే, దుమ్మే!" మద్దిలేటి ఈల వేశాడు.

తర్వాత బురద. ఆ తర్వాత భూమి గొంతు సవరించుకుంది. నీళ్లు తెల్లగా, బండిని మించిన ఎత్తుకు లేచాయి.

తాతల నాటి నుంచి ఆ దృశ్యం కోసం కాచుకున్న ఊరు అది. దాన్ని వద్దనడానికి వచ్చామని ఒక్కరికీ గుర్తు లేదు. ఆడవాళ్లు పసుపు కోసం పరిగెత్తారు. మద్దిలేటి చొక్కా విప్పి తిప్పాడు. "మా నీళ్లు మావే" అట్టలు నెత్తిన పెట్టుకుని ముసలాళ్లు గెంతారు. సంజీవప్పను భుజాల మీదికి ఎత్తారు. అక్కడ, వాన కింది నుంచి పైకి కురిసే ఆ చోట, ఆయన ఏడ్చాడు. అంత తడిలో ఎవరికీ తెలియలేదు. ఇంజనీరు కూడా తడిసి నవ్వుతున్నాడు.

యల్లక్క తోటలోంచి కొడవలితో వచ్చింది.

"ఓయ్, దిగు కిందికి! మన మోటరు గాలి కక్కుతాండాది!"

గెంతేవాళ్ల కాళ్లు గాల్లోనే ఆగినట్టయింది. సంజీవప్ప భుజాల మీది నుంచి తోట వైపు చూశాడు. కాలవలో నీటి మెరుపు లేదు. మెల్లగా దిగాడు.

"సార్," అన్నాడు ఇంజనీరుతో, "నా పాయింట్ ఫెయిల్."

"ఏం ఫెయిలప్పా! లుంగీతో సహా తడిసిపోయావు గదా!"

"ఈడ లేచేవి కొత్త నీళ్లు గావు సార్. మా ఆమె బోరువే. బండి ఆపించి చూడండి."

బండి ఆపారు. అందరూ తోటలోకి నడిచారు. కాసేపటికి మోటరు పైపు దగ్గింది, ఉమ్మింది, ధారగా పోసింది. బండి మళ్లీ నడిపిస్తే మళ్లీ గాలి.

రాఘవేంద్ర చొక్కా కొస పిండుకున్నాడు. "ఇది బావి తవ్వినట్టు లేదే. మీ ఇంటి కుండలో గ్లాసు ముంచినట్టుంది," అని, ఊరి వైపు తిరిగాడు. "మరి మన ఒప్పందం? బోరు పడినట్టా, పడనట్టా?"

"పడలా సార్!" జుట్టు నుంచి నీళ్లు కారుతుండగా ఊరంతా ఒక్క గొంతుతో అంది.

నవ్వాపుకుని ఆయన సంజీవప్పను అడిగాడు. "పాయింట్ నీది. నువ్వు చెప్పు."

పడిందంటే చాలు, తన పాయింట్లో నీళ్లు లేచాయని బతుకంతా చెప్పుకోవచ్చు. సంజీవప్ప మీసం చివర ఒక చుక్క ఊగి రాలింది.

"పడలేదు సార్. నా పాయింట్లో ఎప్పుడూ పడదు. ఎవురినన్నా అడగండి."

బోరు బండి తిరిగి రోడ్డెక్కింది. దాని చక్రాలు చేసిన గుంటల్లో నీళ్లు నిలిచి, ఒక్కో దాంట్లో కొంచెం ఆకాశం పడింది. సంజీవప్ప చెప్పులు చేత్తో పట్టుకుని, ఒక్కటి కూడా వదలకుండా అన్నిట్లో కాళ్లు పెట్టుకుంటూ ఇంటికి పోయాడు.