గాజుల పరీక్ష

చోడవరంలో మా జిరాక్సు కొట్టుకి ఆనుకుని అల్లాఉద్దీన్ భాయ్ రిపేరు కొట్టు. మైకులు, యాంప్లిఫయర్లు, ఈమధ్య జనం చెవులకి తగిలించుకు తిరిగే హెడ్‌ఫోన్లు, ఏవి పాడైనా ఆయన దగ్గరికే రావాలి. మనిషికి ముక్కు మీద కోపం. బాగుచేసిన సామాను పట్టుకెళ్తూ ఎవరైనా "సౌండు కాస్త కీచుగా ఉందండి" అన్నారో, "సెవులున్నాయేటి నీకు?" అని మీద పడిపోయేవాడు. వాళ్ళు మొహం మాడ్చుకుని వెళ్ళేవారు. ఊళ్ళో ఆ పని తెలిసినవాడు ఇంకొకడు లేడు కనక మళ్ళీ వచ్చేవారు.

వయసులో ఉన్నప్పుడు ఆయనకి సొంత మైకుసెట్టు ఉండేది. వడ్డాదిలో పెళ్ళి, చీడికాడలో తీర్థం, కె.కోటపాడులో ఎన్నికల మీటింగు, ఎక్కడైనా సరే లౌడ్‌స్పీకర్ హారన్ల కిందే చాప వేసుకుని పడుకునేవాడు. హారన్లు ఆగితేనే మెలకువ వచ్చేదట. ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవాడు, మేమూ గొప్పగానే వినేవాళ్ళం.

ఆయనకో పద్ధతి ఉంది. ఏ మిషనైనా ముందు తనొక్కడే వినాలి. పాసు చేసేదాకా ఇంకొకరి చెవికి ఇవ్వడు. నలుగురూ విని నాలుగు మాటలంటే పని చెడుతుందని ఆయనకి పని నేర్పిన గురువు చెప్పాడట. పాసు చేయడానికి ఆయన వాడేది ఒక పాత క్యాసెట్టు. పెళ్ళయిన కొత్తలో, రంజాన్ ముందు, భార్య జుబేదా సేమియాలు వేయిస్తుంటే ఈయన కొత్త మైకు ఒకటి తెచ్చి ఆమె చేతి దగ్గర పెట్టి రికార్డు చేశాడు. అందులో గరిటె చప్పుడుంది. "బస్, ఇంక సాలు, అవతలికి పోండి" అని ఆమె నవ్వుతూ విసుక్కోవడం ఉంది. అన్నిటికన్నా సన్నగా, గరిటె తిప్పినప్పుడల్లా ఆమె మట్టిగాజులున్నాయి. గాజులు విడివిడిగా వినిపిస్తే మిషను పాసు. లేకపోతే మళ్ళీ విప్పాల్సిందే. "ఊరందరి మైకుల్లోనూ మీ ఆవిడ గాజులేనా భాయ్?" అని ఏడిపించేవాళ్ళం. తర్వాత క్యాసెట్లకి కాలం చెల్లింది, ఆయన టేప్‌రికార్డరూ మూలపడింది. ఆ పైన అలవాటు మీదే మిషన్లు పాసు చేస్తూ వచ్చాడు.

రెండేళ్ళ కిందట జ్వరమని పడుకున్న జుబేదా మళ్ళీ లేవలేదు. ఆవిడ పోయాక భాయ్ ఆ క్యాసెట్టు వెతికి తీశాడు. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న కూతురు మదీహా దాన్ని ఎక్కడో ఇచ్చి ఫోన్లోకి ఎక్కించి తెచ్చింది. ఆ సాయంత్రం ఆయన చాలాసేపు విని, హెడ్‌ఫోన్ తీసి, నా కొట్టు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"మాట వస్తంది హరిబాబూ. గాజులు రావట్లేదు."

ముందు ఎక్కించినవాణ్ణి తిట్టాడు. తర్వాత ఫోనుకి బలం లేదన్నాడు. మదీహా ఇంటర్నెట్లో వెతికి ఒక బుల్లి యాంప్లిఫయర్ తెప్పించింది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. ఫోనుకీ హెడ్‌ఫోన్‌కీ మధ్య తగిలిస్తే శబ్దానికి బలం వస్తుంది. భాయ్ దాన్ని కొత్త అల్లుణ్ణి చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏ పాటా పెట్టకుండా సౌండు పూర్తిగా పెంచి ఖాళీగా విన్నాడు, బుస్సుమనే సొద లేదన్నాడు. జుబేదా మాట దగ్గర పెంచాడు, గొంతు పగల్లేదన్నాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా బ్యాటరీ నిలబడింది, డబ్బా వేడెక్కలేదు. ఇన్నిట్లో నెగ్గిన మిషన్ని గాజుల దగ్గర ఫెయిలు చేసేశాడు.

"పైకి సోకు తప్ప లోపలేటీ లేదు దీన్లో" అని స్క్రూడ్రైవర్ తీశాడు.

అది మొదలు ఆ డబ్బా ఆయన ప్రాణం తోడేసింది. సన్నశబ్దాన్ని పెంచేలా ఒక ముక్క తీసి ఇంకొకటి అతికేవాడు, వినేవాడు, మళ్ళీ విప్పేవాడు. అన్నం క్యారేజీ మూత తియ్యకుండానే ఇంటికెళ్ళేది. "నన్నొకసారి విననీ భాయ్" అంటే, "పాసవ్వనీ" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. ముసలాయనకి ఇదేం పంతం, భార్య మాట వినిపిస్తోంది కదా, చాలదా అనుకునేవాణ్ణి. ఆయనకి చాలదు. మాటైతే ఆవిడ అందరితోనూ మాట్లాడేదే, గాజులు మాత్రం ఇంట్లో మనిషి తిరుగుతోందని తెలిపేవి. ఆ ముక్క ఆయనే ఒకసారి, నా వైపు చూడకుండా అన్నాడు.

ఒక ఆదివారం మదీహా వచ్చింది. భాయ్ మొహం వెలిగిపోతోంది. నన్నూ పిలిచాడు.

"లీలగా వచ్చేయి బేటా. ఉన్నాయి. నువ్వు విను" అని కూతురి చెవులకి తనే హెడ్‌ఫోన్ పెట్టి మీట నొక్కాడు.

ఆ పిల్ల కెవ్వుమని హెడ్‌ఫోన్ లాగేసింది. రెండు చెవులూ మూసుకుంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏటైంది?"

"సూదులు పెట్టి పొడిచినట్టుంది అబ్బాజాన్. ఇంత కీచుగా ఎలా వింటన్నారు?"

"గాజులు వచ్చేయా, లేదా?"

మదీహా ఆ డబ్బా ఊడదీసి, తన ఇయర్‌ఫోన్ నేరుగా ఫోన్‌కి తగిలించి వింది. ఆమె మొహం మారిపోయింది. నాకూ ఒకటి అందించింది. గాజులు స్పష్టంగా, దేనికది విడిగా ఉన్నాయి. చెయ్యి ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు కదిలిందో కూడా తెలుస్తోంది.

"మొదటి నుంచీ ఉన్నాయి అబ్బాజాన్" అంది నెమ్మదిగా. "మీకూ వినపడతన్నాయి అనుకున్నాను. పలచగా ఉన్నాయని బాధపడతన్నారేమో అనుకున్నాను."

ఆయన ఆ ఇయర్‌ఫోన్ తీసుకుని చెవిలో పెట్టుకున్నాడు. రికార్డు మళ్ళీ పెట్టించుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నీకూనా?"

తలూపాను.

అప్పుడు ఆయన అడిగిన మాట నేననుకున్నది కాదు. "అయితే ఊళ్ళో మైకులన్నీ ఇలాగే సేసేనేటి నేను? జనం కీచుగా ఉందంటే తిట్టేను గదా" అన్నాడు. మదీహా తండ్రి చెయ్యి పట్టుకుని రికార్డు మొదటి నుంచి పెట్టింది. గాజులు మోగిన ప్రతిసారీ ఆయన మణికట్టు మీద వేలితో తట్టింది. ఆయన కళ్ళు మూసుకుని, ఆ వేలి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. నేను చూడలేక నా కొట్లోకి వచ్చేశాను.

మర్నాడు ఆ డబ్బాలో తను అతికినవన్నీ తీసి, ఎప్పటిలా చేసి, పట్టుకొచ్చాడు. "దీన్లో లోపం లేదు. పాసు" అని నా బల్ల మీద పెట్టాడు. ఆ రోజు నుంచి రిపేర్లు మానేశాడు. ఎవరొచ్చినా అనకాపల్లి పొమ్మంటాడు. తలుపు మాత్రం తీసుకుని కూర్చుంటాడు. ఆ రికార్డు నా ఫోన్‌కి కూడా పంపించాడు.

"నాకెందుకు భాయ్?"

"నీకు వినపడతాయి గదా. ఎవలో ఒకలు వినాల."

జుబేదా నాకేమవుతుంది? పండగకి సేమియా గిన్నె పంపించే పక్కకొట్టాయన భార్య, అంతే. అయినా కొట్టు మూసేముందు ఆ బుల్లి డబ్బా తగిలించుకుని వింటాను. పొద్దున్నే భాయ్ తలుపు తీస్తూ, తల తిప్పకుండానే అడుగుతాడు.

"వచ్చేయా?"

"వచ్చేయి భాయ్" అంటాను.