గంటలమ్మ నమ్మిన పేజీ

మా వదినను వీధిలో అందరూ గంటలమ్మ అంటారు. మా ఆయనకు స్వయానా అక్క. గడియారాలు బాగుచేస్తుంది. ఆమె కొట్లోకి వచ్చి టైమెంతో తెలుసుకోవడం మాత్రం కష్టం. గోడ మీద వేలాడే గడియారాల్లో ఏ రెండూ ఒక్క మాట మీద ఉండవు. "బాగైనవి ఇళ్ళకు పోతాయి, ఇక్కడ మిగిలేవన్నీ రోగులే కదా!" అంటుంది వదిన. ఆమె నమ్మేది ఒక్కదాన్నే. తలుపుకు ఎదురుగా ఉన్న పెద్ద లోలకం గడియారం. అది వాళ్ళ నాన్నగారిది. ఆ పని నేర్పిందీ ఆయనే.

కాపురానికొచ్చిన కొత్తలో, పెళ్ళెందుకు చేసుకోలేదు వదినా అని అడిగేశాను.

"ఈ గోడ మీదవన్నీ ఒకేసారి పన్నెండు కొట్టిన రోజున చేసుకుంటానని మా నాన్నతో అన్నాను. పాపం చాలాకాలం చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు" అంది.

మా ఆయన పోయాక నేను ఇంట్లోంచి కదల్లేదు. ఒకరోజు వదినే వచ్చి తలుపు తట్టింది. "నీ ఇంటి గోడలు పలకవు. నా కొట్టుకి రా, అక్కడి గోడ కనీసం టిక్కుటిక్కుమంటుంది" అంది. అప్పటినుంచి మధ్యాహ్నం ఆమెకు భోజనం తీసుకువెళ్ళి, అక్కడే స్టూలు మీద కూర్చుని, ఇత్తడి చక్రాలను కుంచెతో తుడుస్తుంటాను. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. వదిన నా వంతు కూడా మాట్లాడేస్తుంది.

ఆమె బాగుచేసే పాత గోడగడియారాలు చాలావరకు వేరే దేశంలో ఉన్న ఒక పెద్దమనిషికి పోతాయి. ఆయన్ని మేమెవ్వరం చూడలేదు. ఫోన్లో నాలుగు మాటలకోసారి దగ్గుతాడు కాబట్టి దగ్గాయన అని పేరు పెట్టుకున్నాం. మొదట్లో ఆయన డబ్బు బ్యాంకు ద్వారా పంపితే, అది దారిలో ఎక్కడెక్కడ నిద్రపోయి వచ్చేదో, వచ్చేసరికి చార్జీల కింద చిక్కి సగమయ్యేది. అది చూడలేక మా ఆయన వదినకు, బ్యాంకుతో పనిలేకుండా ఫోన్లోనే డబ్బు పంపి తీసుకునే క్రిప్టో నేర్పారు. మా ఆయన ఆఫీసుల్లో ప్రింటర్లు బాగుచేసేవారు. కొత్త వస్తువు కంటపడితే దాని మూత తీసి చూడకుండా ఉండలేని మనిషి.

డబ్బు పంపడం, తీసుకోవడం వదినకు తొందరగానే వచ్చేసింది. వచ్చిందో లేదో నమ్మడమే రాలేదు. అందుకని కొట్లోని కంప్యూటర్లో ఆయన ఒక పేజీ తెరిచి పెట్టారు. ఎక్స్‌ప్లోరర్ అంటారు దాన్ని. ఎవరు ఏం పంపినా, దానికొక పొడుగాటి నంబరు పడుతుంది. అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసి రైలుపెట్టెల్లా ఉంటుంది. ఆ నంబరును పేజీలో వేస్తే ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు, ఎంత, ఎప్పుడు, ఖరారైందా లేదా, అన్నీ కనిపిస్తాయి. మనుషుల పేర్లు మాత్రం ఉండవు. ఎవరైనా చూడవచ్చు, ఎవరూ చెరపలేరు.

"అంటే వెనక అద్దం బిగించిన గడియారం అన్నమాట. చక్రాలు తిరగడం కనపడుతుంది, వేలు పెట్టడం కుదరదు" అంది వదిన.

"అంతే అక్కా. ఒక్క మాట గుర్తుపెట్టుకో. ఎవరు ఏ లింకు పంపినా నొక్కొద్దు. మోసగాళ్ళు అచ్చం ఇలాంటి పేజీలే తయారుచేసి పంపుతారు. నంబరు తీసుకుని నువ్వే ఈ పేజీలో వేసి చూసుకో" అన్నారు మా ఆయన. పరీక్షకని తన ఫోన్లోంచి చిల్లర పాటి సొమ్ము ఆమె ఖాతాకు పంపి చూపించారు. ఆ వరుస ఇప్పటికీ ఆమె ఖాతా జాబితాలో అన్నింటికంటే అడుగున ఉంది.

వదిన ఆ మాటను అక్షరాలా పాటించింది. నంబరు వచ్చినప్పుడల్లా పేజీలో వేసి, మొదటి నాలుగూ చివరి నాలుగూ గట్టిగా చదివేది. నేను ఫోన్లో చూసి సరిపోల్చేదాన్ని. ఇంగ్లీషు నాకు అక్షరాల వరకే వచ్చు. ఈ పనికి అక్షరాలు చాలు.

ఈమధ్య దగ్గాయన ఒక గడియారం అడిగాడు. గంటకోసారి, అరగంటకోసారి కొట్టేది కావాలన్నాడు. అమ్మడానికి కాదట. వాళ్ళావిడకు చూపు బాగా మందగించింది, గంట చెవిన పడితేనే పొద్దెంతయిందో తెలుస్తుందట. మామూలుగా డబ్బు ముట్టాకే వదిన పెట్టె పంపుతుంది. ఆ సంగతి విన్నాక మాత్రం గడియారాన్ని ముందే పంపేసింది. అది చేరిందనీ, డబ్బు పంపాననీ దగ్గాయన నంబరు పంపాడు.

వదిన పేజీలో వేసింది. దొరకలేదని వచ్చింది. మళ్ళీ వేసింది. నేను అక్షరం అక్షరం సరిచూశాను. నంబరు సరిగ్గానే ఉంది, అయినా దొరకలేదు. మర్నాడూ అదే జవాబు.

వదిన ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టింది.

"అయ్యా, మీరు పంపింది కనపడటం లేదు."

"పంపానమ్మా. ఈసారి వేరే నెట్‌వర్క్ మీద పంపాను, చార్జీ తక్కువని. ఖాతా మీదే, దారే వేరు. మీ పేజీలో పడదేమో." దగ్గు. "లింకు పంపుతున్నాను, నొక్కి చూడండి."

వదిన ముఖం మాడిపోయింది. "నేను లింకులు నొక్కనండీ" అని పెట్టేసింది.

"విన్నావా మరదలా? తమ్ముడు ఏ మాట చెప్పాడో అచ్చంగా ఆ మాటే! లింకు నొక్కాలట! ఇన్నేళ్ళ మనిషి! గుడ్డి భార్య అని జాలి పుట్టించి గడియారం కొట్టేశాడు."

ఆ పూట ఆమె భోజనం ముట్టలేదు. డబ్బు సంగతి కాదు. గడియారాలు దొరకవా, కొనేవాళ్ళు దొరకరా. ముఖం చూడకుండా ఒక మనిషిని నమ్మింది, ఆ నమ్మకం వమ్మయిందన్నదే ఆమె బాధ. ఆయనకు కడుతున్న మరో గడియారాన్ని పెట్టెలోంచి బయటకు తీసి గోడకు తగిలించింది. "ఇక ఈయనతో సరి" అంది.

నేను చక్రం తుడుస్తూ ఆలోచించాను. దగ్గాయన గొంతులో నాకు అబద్ధం వినపడలేదు. అలాగని నా చెవుల మీద పందెం కాయలేను కదా.

"వదినా, ఆయన లింకు నొక్కొద్దు. ఆ వేరే నెట్‌వర్క్ పేజీని మనమే వెతికి తెరుద్దామా?"

"దేనికి? తమ్ముడు పెట్టిన పేజీలో లేకపోతే లేనట్టే."

"ఆయన చెప్పింది ఇతరుల లింకు నొక్కొద్దని. లోకంలో ఇదొక్కటే పేజీ అని చెప్పలేదు."

"ఓహో! వాడి మాట నాకంటే నీకే ఎక్కువ తెలుసన్నమాట!"

"మాట మీకే తెలుసు వదినా. మనిషి నాకు తెలుసు. మా వంటింట్లో మూడుసార్లు దీపం మార్చారు. ప్రతిసారీ ఇంతకంటే మంచిది వచ్చిందనేవారు. ఉండి ఉంటే ఈ పేజీ పక్కన ఇంకోటి ఎప్పుడో తెరిచి పెట్టేవారు."

ఆయన గురించి అన్ని మాటలు ఒక్కసారిగా అనడం నాకు అదే మొదలు. వదిన పట్టకారు కింద పెట్టింది.

"సరే, తెరువు. లేకపోతే మాత్రం నిన్ను కూడా గోడకు తగిలిస్తాను" అంది.

దగ్గాయన లింకు జోలికి పోలేదు. ఆయన మెసేజీలో ఉన్న నెట్‌వర్క్ పేరును మాత్రం ఒక కాగితమ్ముక్క మీద రాసుకుని, దాని సొంత సైటు వెతికి, అక్కడినుంచి దాని ఎక్స్‌ప్లోరర్‌లోకి వెళ్ళాం. అక్షరాలు నేను చెప్పాను, వదిన కొట్టింది. నంబరు వేసి వేలు మీట మీద పెట్టి, నొక్కకుండా నావైపు చూసింది.

"నొక్కండి."

నొక్కింది. పచ్చరంగులో ఖరారైందని పడింది. సొమ్ము అంతా ఉంది. రోజు, ఆయన చెప్పిన రోజే. ఏ ఖాతాకు అన్న చోట వదిన తన ఖాతా నంబరు మొదటి నాలుగూ చివరి నాలుగూ చదివింది. నేను సరిపోల్చాను. ఆమెదే.

"అయితే నిన్నటినుంచీ ఇక్కడే పడి ఉందా! నా గుమ్మంలోనే!"

"రెండో గుమ్మంలో" అన్నాను.

ఆ పేజీలో ఆమె ఖాతా కింద ఉన్నది ఆ ఒక్క వరుసే. మా ఆయన పంపిన చిల్లర అందులో లేదు. నేను తెర కింది దాకా వెతికాను. వదిన గమనించిందేమో, వెంటనే పాత పేజీకి వెళ్ళి అట్టడుగు దాకా లాగింది.

"ఉందా?"

"ఉంది" అన్నాను.

అప్పుడు ఫోన్ చేసింది. మామూలుగా వదిన ఎవరికీ తల వంచదు. ఆ రోజు ఆమె మాట్లాడిన తీరు చూసి నేనే తల దించుకున్నాను.

"అయ్యా, మీ డబ్బు చేరింది. నేను చూసిన పేజీ వేరు. మిమ్మల్ని అనుమానించాను. మనసులో దొంగ అని కూడా అన్నాను. చెప్పకపోతే నాకు నిద్రపట్టదు."

అవతల దగ్గు. తర్వాత నవ్వు. "లింకు నొక్కకపోవడమే మంచిదమ్మా. ఆ మాట మీకు చెప్పినవాడు తెలివైనవాడు."

"మా తమ్ముడు" అంది వదిన. "ఇది నా మరదలు, రెండో పేజీ ఇదే తెరిపించింది."

"ఉండండి, మా ఆవిడ ఏదో అంటోంది. ఫోను పట్టుకోండి, గంట కొడుతుందట, వినమంటోంది."

విన్నాం. దూరంగా, మెత్తగా, ఒకటి, రెండు, మూడు, నాలుగు. కొట్లో గడియారాలేవీ ఆ మాటకు ఒప్పుకోలేదు. వదిన మాత్రం చెయ్యి ఎత్తి ఊరుకోమంది, అవి వింటాయన్నట్టు. ఆమె కళ్ళు నాన్నగారి గడియారం మీద ఉన్నాయి.

"రెండు నిమిషాలు వెనకబడింది. దేశాల మధ్య తేడా గంటల్లో, అరగంటల్లో ఉంటుంది గాని రెండు నిమిషాల్లో ఉండదు. లోలకం కింద మర ఉంటుంది, కాస్త పైకి బిగించండి. ఆవిడ దాని మీదే ఆధారపడుతుంది కదా" అంది.

ఫోన్ పెట్టేసి, గోడకు తగిలించిన ఆయన గడియారాన్ని దింపి మళ్ళీ పెట్టెలో పెట్టింది. కొత్త పేజీని మూయకుండా పాతదాని పక్కనే ఉంచమంది. చల్లారిన భోజనం డబ్బా దగ్గరకు లాక్కుంది.

"నువ్వు తిన్నావా?"

"లేదు వదినా."

"మరి చూస్తూ కూర్చున్నావేం? రెండో కంచం తియ్యి."