మడమకి పూసిన సుద్ద

మా ఆయన స్కూల్లో డ్రిల్లు మాస్టారు. మనిషి గుమ్మం దాటే తీరులో కూడా వంకలు వెతుకుతారు. వీధిలో ఎవరైనా పరిగెడుతుంటే చాలు, పళ్లెంలో అన్నం వదిలేసి కిటికీ దగ్గర నిలబడి, "ఆ మడమ చూడు, నేలని సుత్తితో బాదుతున్నాడు!" అని విసుక్కుంటారు. మడమ ముందు ఆనితే మోకాళ్లు పాడవుతాయని ఎవరో చెప్పగా విని, ఆ మాటే పట్టుకుని వేలాడారు.

మా బావగారి కూతురు మొదటి నుంచీ మడమ ఆనించే పరిగెత్తేది. ఏ నొప్పీ ఎరగదు, ఎంచక్కా గెలిచేది కూడా. ఊరి జట్టు ఎంపిక దగ్గరపడగానే ఈయన ఆ పిల్ల పరుగు మార్చి తీరాలని కంకణం కట్టుకున్నారు. మైదానంలో సున్నం గీత దగ్గర నిలబెట్టి బూట్ల మడమలకి తడి సుద్ద పూసేవారు. పరుగయ్యాక సుద్ద చెరిగిందా, ఇంకో రౌండు!

"మెల్లమెల్లగా మార్చకూడదా?" అన్నాను.

"నీకు తెలియదులే, ఊరుకో."

ఒళ్లు మండి అక్కణ్ణించి వచ్చేశాను.

కొన్నాళ్లకి సుద్ద చెరగడం మానేసింది. ఈయన సంబరానికి పట్టపగ్గాల్లేవు, ఆ బూట్లు తెచ్చి నాకు చూపించారు కూడా. పిల్లేమో గోడ పట్టుకుని మెట్లు దిగుతోంది. "ఏమ్మా?" అంటే, "పిక్క పట్టేసింది పిన్నీ, బాబాయ్‌కి చెప్పకు," అంది.

చివరికి ఒక పొద్దున మైదానం మలుపులో కూలబడిపోయింది.

"పరుగు మార్చడం తప్పు కాదు," అన్నారు డాక్టరమ్మ. "ఒక్కసారిగా మార్చేశారు. మోకాలు మోసే బరువంతా పిక్క మీద, మడమ వెనక నరం మీద పడింది. అవి అలవాటు పడొద్దూ? ఎంపిక మాట ఈ ఏడాదికి మరిచిపోండి. ఇంతకీ ఎవరు నేర్పించారు?"

"నేనే," అన్నారు మా ఆయన. మొహంలో నెత్తురు చుక్క లేదు. దెప్పడానికి దారంతా మాటలు కూడబెట్టుకుని వచ్చిన నేను, నా కుర్చీ ఆయన పక్కకి జరుపుకున్నాను.

"ఏదమ్మా, నాలుగడుగులు వెయ్యి," అన్నారు డాక్టరమ్మ.

పిల్ల బల్ల పట్టుకుని లేచింది. దెబ్బ తగలని కాలి మడమ కూడా గాల్లోనే ఉంది. గది మధ్యలో ఆగి, భయంభయంగా చూసింది.

"మడమ ఆనించనా బాబాయ్?"

ఆయన నేల మీద చతికిలబడి, ఆ కాలు రెండు చేతులా పట్టుకుని, మడమ మెల్లగా నేలకి ఆనించారు. తలెత్తి పిల్ల మొహం మాత్రం చూడలేకపోయారు.