ఆయన బుక్ చేసిన గది

ఆయన పోయిన రెండో నెలలో ఆయన ఫోన్ మోగింది. ఆ ఫోన్‌కి నేను ఇంకా ఛార్జింగ్ పెడుతూనే ఉన్నాను. అప్పుడు నేను పెరట్లో దండెం మీది బట్టలు తీస్తున్నాను. లోపల నేతకు నూలు కండెలు చుట్టుకుంటున్న అత్తమ్మ రాట్నం ఆపి ఫోన్ ఎత్తింది.

"ఆ... అవు, ఆయన ఇల్లే" అంది. కాసేపు విని, "వస్తున్నం" అని పెట్టేసింది.

"ఎవరత్తమ్మా?" అంటూ లోపలికి వచ్చాను.

"కొల్లాపూర్ అవతల, ఏటి ఒడ్డున ఏందో బంగళా అంట. అడివిల జీపుల తిప్పుతరంట. మావోడు మీ ఇద్దరికి రూము మాట్లాడి పెట్టిండంట. ఎల్లుండికి. వస్తున్నరా లేదా అని అడుగుతున్నరు."

ఎల్లుండి మా పెళ్ళిరోజు.

మా ఆయన బస్సు డ్రైవరు. కోస్గిలో ఇల్లు, మహబూబ్‌నగర్‌లో డ్యూటీ. చాలా ఏళ్ళు కొల్లాపూర్ బస్సు తోలాడు. బ్యాగులు తగిలించుకొని హైదరాబాదు నుంచి వచ్చే జంటలు ఆయన వెనక సీట్లలో కూర్చొని జింకల గురించి, నీళ్ళ గురించి మాట్లాడుకునేవాళ్ళు. "కొల్లాపూర్ దాకా పోతా, బండి మలుపుకొని వస్తా. ఆ నీళ్ళు నేను ఒక్కనాడు గూడ కూసొని చూడలే" అనేవాడు. ఒక పెళ్ళిరోజుకైనా పోదామని నేను అంటే, సెలవు దొరకనీ అనేవాడు. నాకు చెప్పకుండా దొరికించుకున్నాడన్నమాట.

దీపావళి వెళ్ళిన వారంలో, తెల్లారి డ్యూటీకి బయల్దేరుతూ బూట్ల లేసులు కట్టుకుంటున్నవాడు అట్లాగే గోడకు ఒరిగిపోయాడు. ముందురోజు ఛాతీలో మంట అంటే గ్యాసు అనుకొని సోడా తాగాడు. దవాఖానకు తీసుకెళ్ళేసరికి ఏమీ మిగల్లేదు.

మాకు పిల్లలు లేరు. దినవారాలు కాగానే నల్లగొండ నుంచి వచ్చిన మా అన్నలు నన్ను తీసుకుపోతామన్నారు. మహబూబ్‌నగర్‌లో ఉండే మా ఆడబిడ్డ అత్తమ్మను తీసుకుపోతానంది. ఇల్లు కిరాయికివ్వాలని అనుకున్నారు. ఆ మాటలన్నీ మా ఇద్దరి ముందే జరిగాయి. అత్తమ్మ కొడుకు పోయిన రోజు కూడా ఏడవలేదు. శవం లేచేటప్పుడు ఆడవాళ్ళందరూ ఆమెను పట్టుకొని కదిలించారు, ఏడువు ఏడువు అని. ఆమె వాళ్ళ చేతులు విడిపించుకొని లోపలికి పోయింది. పదకొండో రోజు తర్వాత మళ్ళీ రాట్నం ముందు కూర్చుంది. పొద్దుగూకేదాకా దాని చప్పుడే ఇంట్లో.

"పోదామత్తమ్మా?" అని నేనే అడిగాను.

"వస్తున్నమని చెప్పిన గదా."

"ఏడాది తిరగకముందే గిట్ల తిరుగుతున్నరని అంటరు అందరు."

"అననీ. వాడు పిలిచిండు. పోకుంటే ఎట్ల?"

మహబూబ్‌నగర్‌లో బస్సు మారాం. ఆడబిడ్డకు ఫోన్ చేయలేదు. కొల్లాపూర్‌లో దిగి ఆటో మాట్లాడుకున్నాం. ఊరు దాటి, మామిడి తోటలు దాటినాక ఎర్రమట్టి దారి మొదలైంది. దూరంగా కొండల మధ్య నీళ్ళు కనబడగానే అత్తమ్మ ఆటో ఆపమంది. కొంగు ముడి విప్పి ఏదో తీసింది. చూస్తే బొట్టుబిళ్ళ. మా ఇంట్లో అద్దానికి నేనెప్పుడో అంటించి మరిచిపోయినది. దాన్ని గోటితో ఊడదీసి తెచ్చింది.

"అత్తమ్మా, వద్దు."

"జర ఆగు. వాడు పిలిచిన జాగకు బోసి మొగంతోని పోవద్దు. గీ ఒక్క పూటకే" అని నా నొసటి మీద ఒత్తింది. జిగురు లేక అది నిలవలేదు. వేలితో తడి చేసి మళ్ళీ ఒత్తింది. ఆటోవాడు అద్దంలో చూసి చూపు తిప్పుకున్నాడు.

బంగళా అంటే వరుసగా కట్టిన పెంకుల కప్పు గదులు. ఒక్కో గదికి నీళ్ళ వైపు అరుగు, అరుగు మీద రెండు పేము కుర్చీలు. ఆఫీసులో కూర్చున్న అమ్మాయి లేచి నమస్కారం పెట్టింది. మా వెనకాల చూసి, "సార్ రాలేదా మేడం?" అంది.

అత్తమ్మ ముందుకు వచ్చి, "డ్యూటీ పడ్డది బిడ్డా. ఆఖరికి సెలవియ్యలే వానికి. మా అమ్మను తోల్కపో అని కోడలితోని నన్ను పంపిండు" అంది. ఎంత మామూలుగా అన్నదంటే, నేను తిరిగి ఆమె ముఖం చూశాను.

"అయ్యో! సార్ ఫోన్ల ఎంత సంబరంగ మాట్లాడిండ్రో" అంది ఆ అమ్మాయి.

గదిలో మంచం మీద గులాబీ రేకులు చల్లి ఉన్నాయి. తువ్వాళ్ళు రెండింటిని హంసల్లా మలిచి, ముక్కు ముక్కు కలిపి పెట్టారు. అత్తమ్మ వాటి చుట్టూ తిరిగి చూసింది. ఒకదాని అంచు వేళ్ళ మధ్య నలిపి, "మిల్లు గుడ్డ. మెడ విరగకుంట మంచిగనే నిలబెట్టిండ్రు" అంది. రాత్రి పడుకునేటప్పుడు కూడా ఆమె వాటిని విప్పనివ్వలేదు. పక్కనున్న బల్ల మీదికి అట్లాగే ఎత్తి పెట్టించింది.

సాయంత్రం అరుగు మీద కూర్చున్నాం. చలి మొదలైంది. డ్యాం వెనక నిలిచిన కృష్ణా నది, కొండలు మలుపు తిరిగేదాకా పరుచుకొని ఉంది. చేపలు పట్టే పుట్టి పడవ ఒకటి గుండ్రంగా తిరుగుతూ ఒడ్డుకు వస్తోంది. ఆయన చూడాలనుకున్నది ఇదే గదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ నీళ్ళ వైపు నేను సరిగా చూడలేకపోయాను. నా చూపు మాటిమాటికీ అత్తమ్మ కూర్చున్న కుర్చీ మీదికే పోయింది. అది ఆయన కుర్చీ.

"ఐతారం మీ అన్నలొస్తరు గదా" అంది అత్తమ్మ.

"నువ్వు ఉండుమంటే ఉంట."

పుట్టి ఒడ్డుకు తగిలి, అందులోని మనిషి వల దులుపుకునేదాకా ఆమె అటే చూసింది.

"నేను ఉండుమని అన. నీకింక మస్తు వయసున్నది. నా మొగం చూసుకుంట ఆ ఇంట్ల కూసుంటవా? నన్ను జూస్తే నీకు వాడు యాదికొస్తడు, నిన్ను జూస్తే నాకు వాడు యాదికొస్తడు. ఇద్దరం బతుకం."

"మరి నువ్వు?"

"బిడ్డ ఇంట్ల ముద్దకేం తక్కువ బిడ్డా? రాట్నం పెట్టుకోను జాగనే లేదంట, అపార్టుమెంటు గదా" అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

చీకటి పడుతుండగా ఆఫీసు అమ్మాయి, వంటాయన కలిసి కేకు తెచ్చారు. దాని మీద మా ఇద్దరి పేర్లు. ఆయన ముందే చెప్పి పెట్టాడట. ఆయన పేరు అంత పెద్ద అక్షరాల్లో చివరిసారి చూసింది గోడలకు అంటించిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీద. చాకు నా చేతిలో పెట్టారు. నేను కదల్లేదు. అత్తమ్మ నా చెయ్యి మీద తన చెయ్యి వేసింది. నూలు లాగి లాగి గట్టిపడిన చెయ్యి.

"కొయ్యి బిడ్డా. సంబరంగ చేసిండ్రు, వాళ్ళను చిన్నబుచ్చొద్దు."

ఇద్దరం కలిసి కోశాం. పేర్ల మధ్య నుంచి కాకుండా ఒక అంచున కోసేలా ఆమే నా చెయ్యి పక్కకు జరిపింది. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టి, "సార్‌కు ఫొటో పంపుతా" అని ఫోన్‌లో ఫొటో తీసింది. మరుక్షణం నా సంచిలో ఉన్న ఆయన ఫోన్ టింగుమంది. నేనూ అత్తమ్మా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

మరునాడు పొద్దున్నే జీపులో అడవికి తీసుకెళ్ళారు. మాతోపాటు హైదరాబాదు నుంచి వచ్చిన ఒక జంట కూర్చున్నారు. డ్రైవరు నడివయసు మనిషి, ఆ పక్క ఊరివాడే. గేర్లు మార్చినప్పుడల్లా అత్తమ్మ అతని చేతి వైపు చూస్తోంది.

"మా కొడుకు గూడ డ్రైవరే" అంది ఉన్నట్టుండి.

"ఏం బండి తోల్తడమ్మా?"

"బస్సు. మీ కొల్లాపూర్ లైనే. గుంతల బండి పడితే వానికి పానం మీదికొస్తది, ముసలోళ్ళు కూసున్నరని. రొట్టెల్లకు ఎల్లిపాయ కారం లేకుంటే ముద్ద దిగది. ఇంట్లకు రాంగనే అమ్మా అని ఒర్రుకుంట వస్తడు, వాడకట్టంత ఇనబడాలె."

వస్తడు, తోల్తడు, తింటడు. ఆమె అట్లా చెబుతూనే పోయింది. ఆపాలనిపించింది నాకు. కానీ వింటూ వింటూ, సాయంత్రం మేం కోస్గి చేరేసరికి ఆయన గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ ఉంటాడనే అనిపించసాగింది. డ్రైవరు నా వైపు తిరిగి, "డ్రైవరు పనిల నడుము పోతదమ్మా, సార్‌ను జర చూసుకొమ్మను" అన్నాడు.

"మోకాళ్ళు నొప్పంటున్నడు ఈ మధ్య" అని నేనే అన్నాను. నా నోటి నుంచి ఆ మాట వచ్చిందంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

ఒక వాగు దగ్గర డ్రైవరు బండి ఆపి, మాట్లాడొద్దని సైగ చేశాడు. పొదల అవతల కణితి జింక ఒకటి తోక నిటారుగా లేపి నిలబడి ఉంది. గట్టిగా అరిచింది. కాసేపాగి మళ్ళీ అరిచింది.

"పిల్లను పిలుస్తాందా?" అని అత్తమ్మ గుసగుసగా అడిగింది.

"లేదమ్మా. పులి దగ్గర్ల ఉన్నది. కడమ జింకలకు చెప్తాంది."

అందరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. పులి రాలేదు. కణితి మెల్లగా చెట్లలోకి వెళ్ళిపోయింది. హైదరాబాదు ఆయన ఇంత దూరం వచ్చి చూడకుండా పోతున్నామని నిట్టూర్చాడు.

"రాకపోవుడే మంచిదాయె" అంది అత్తమ్మ.

బయల్దేరేటప్పుడు ఆఫీసు అమ్మాయి మెట్ల దాకా వచ్చింది. మిగిలిన కేకు డబ్బాలో పెట్టి తెచ్చింది. "ఇది సార్‌కు ఇయ్యుండ్రి. ఈసారి సార్‌ను తప్పకుంట తోల్కొని రావాలె అవ్వా" అంది.

అత్తమ్మ డబ్బా అందుకుంది. రెండు మెట్లు దిగింది. మూడో మెట్టు మీద కూలబడింది.

"నా కొడుకు లేడు బిడ్డా" అంది. "నా కొడుకు సచ్చిపోయిండు."

అంతే. అప్పటిదాకా ఎక్కడ దాచుకుందో, ఆ ఏడుపు. పేరు పెట్టి పిలుస్తూ, మెట్టు మీద అరచేత్తో కొడుతూ ఏడ్చింది. తోటమాలి, వంటాయన పరుగెత్తుకొచ్చారు. ఆ అమ్మాయి భయపడిపోయి, "నాకు తెల్వదవ్వా, నాకు తెల్వదు" అంటూ ఆమె పక్కనే నేల మీద కూర్చొని తనూ ఏడ్చింది. నేను అత్తమ్మ తలను ఒళ్ళోకి తీసుకున్నాను. నా నొసటి మీది బిళ్ళ ఎప్పుడు రాలిపోయిందో తెలియదు. చాలాసేపటికి ఆమె ముక్కు తుడుచుకొని, ఆ అమ్మాయి గడ్డం పట్టుకొని, "నిన్ను అబద్ధమాడి మోసం చేసిన, ఏమనుకోకు. ఒక్క దినం వాడు బతికుండె మాకు" అంది.

ఆ ఆదివారం మా అన్నలు వచ్చారు. వాళ్ళకంటే ముందే ఆడబిడ్డ ఆటో తీసుకొని వచ్చింది. రాట్నం ఎదురింటివాళ్ళకు ఇచ్చేశారు. నేను నల్లగొండ వెళ్ళి, ఒక రెడీమేడ్ దుకాణంలో కుట్టుపనికి కుదిరాను.

ఇదంతా జరిగి మూడేళ్ళు దాటాయి. వీలైనప్పుడల్లా మహబూబ్‌నగర్ పోయి అత్తమ్మను చూసి వస్తాను. మొన్న పోయినప్పుడు, అన్నలు ఒక సంబంధం తెచ్చారని చెప్పాను. అతనికి కూడా భార్య పోయింది. అత్తమ్మ నా తల దువ్వుతూ ఉంది. దువ్వెన ఆగింది, మళ్ళీ కదిలింది.

"మంచోడేనా?"

"తెల్వదత్తమ్మా. మంచిగనే మాట్లాడుతున్నడు."

"చేసుకో. ఇంకొకరిని అత్తమ్మ అని పిలవాల్సొస్తది గదా. నన్ను అమ్మా అను ఇగ."

ఆ పిలుపు నాకు నోట రాలేదు. జడ అల్లడం అయిపోయింది, టీ తాగాం, ఆడబిడ్డ కూతురి చదువు గురించి మాట్లాడుకున్నాం. బస్సు వేళ అయ్యేదాకా ఆమెను అత్తమ్మా అనీ, అమ్మా అనీ పిలవకుండానే మాట్లాడి వచ్చేశాను.