బాపు నీళ్లు తాగిన ఇండ్లు

చదివిన చదువు ఒంటికి ఇంకా కొత్తగా ఉన్న వయసులో మనిషికి లోకమంతా తన ముందు బెంచీల మీద కూర్చున్నట్టే కనబడుతుంది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పాసై, కోరుట్లలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరిన ఆ రోజుల్లో నాదీ అదే జబ్బు. అందులోనూ నీటి పాఠమంటే నాకు పూనకం వచ్చేది. నీటి అణువుకు ఒక పక్క కాస్త ధనావేశం, ఇంకో పక్క కాస్త రుణావేశం ఉంటాయనీ, అందుకే అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయనీ, ఉప్పునూ చక్కెరనూ తమలో కలుపుకుంటాయనీ, మన నెత్తురు తిండినీ మలినాలనూ మోసేది ఆ గుణంతోనేననీ సుద్దముక్క అరిగేదాకా చెప్పేవాణ్ణి. "నీళ్లు లేనిదే ప్రాణం లేదు" అని బల్ల గుద్ది పాఠం ముగించి, సాయంత్రం బస్సెక్కి మల్యాల పక్కనున్న మా ఊరు చేరి, కన్నతండ్రి నీళ్లు తాగకుండా కాపలా కాసేవాణ్ణి. (ఈ రెండో ఉద్యోగం సంగతి కాలేజీలో ఎవరికీ చెప్పలేదు.)

మా బాపు ముప్పై ఏళ్లు తాళ్లెక్కి కల్లు గీసిన మనిషి. ఆయన కిడ్నీలు రెండూ చెడిపోయాయి. వారానికి రెండుసార్లు జగిత్యాల తీసుకుపోయి డయాలసిస్ చేయించేవాళ్లం. చాయ, మజ్జిగ, చారు అన్నీ కలుపుకుని రోజుకు లీటరు దాటొద్దని డాక్టరు చెప్పాడు. నేను గీతలున్న సీసా కొనుక్కొచ్చి పొద్దున్నే నింపి పెట్టేవాణ్ణి. మధ్యాహ్నానికల్లా నీళ్లు ఏ గీత దాకా దిగాలో అమ్మకు బోధించేవాణ్ణి. ఒకరోజు బాపు ఇంటి ముందున్న తాటిచెట్టు కేసి చూస్తూ, "గంత మీదికి నీళ్లు ఎట్ల ఎక్కుతయిరా?" అన్నాడు. దొరికిందే సందని మొదలుపెట్టాను: ఆకుల్లోంచి నీరు ఆవిరైపోతుంటే, వెనకున్న అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని వేళ్ల నుంచి పైదాకా పాక్కుంటూ వస్తాయని. ఆయన బుద్ధిగా విని, "చెట్టుకు దేవుడు కావలసినన్ని ఇయ్యవట్టె. నాకు లీటరేనా?" అన్నాడు. "చెట్టుకు నీళ్లు బయటికి పంపే ఆకులున్నయి బాపూ. నీకు ఆ దారి మూసుకపోయింది" అన్నాను, సరైన జవాబు చెప్పిన విద్యార్థిలా. ఆ మాట ఇప్పటికీ నా నోట్లో చేదుగానే ఉంది.

అప్పట్నుంచి బాపుకు బంధుప్రీతి ముంచుకొచ్చింది. పొద్దున లేస్తే ఎవరో ఒకరిని పలకరించడానికి బయలుదేరేవాడు. ఏళ్ల తరబడి మాటల్లేని పాలివాళ్ల, అంటే దాయాదుల ఇంటికీ వెళ్లొచ్చాడు. చందుర్తిలో ఉన్న మా అక్క మామగారి తమ్ముణ్ణి చూడాలని ఉందన్నాడు (ఆ మనిషి పేరు కూడా ఆయనకు సరిగ్గా తెలియదు). రోగం మనిషిని మెత్తబరిచిందని అమ్మ కళ్లొత్తుకుంది. సీసాలో నీళ్లేమో గీత ప్రకారమే దిగేవి. జగిత్యాలలో తూకం మీద నిలబెడితే మాత్రం ప్రతిసారీ బరువు ఎక్కువ, పాదాల వాపు ఎక్కువ, ఆయాసం ఎక్కువ. చివరికి మా వీధి మలుపులో ఉండే మూలింటత్త నోట అసలు సంగతి బయటపడింది. మా వైపు ఇంటికొచ్చిన వాళ్లకు ముందు చెంబెడు నీళ్లిచ్చాకే ఏ మాటైనా. బాపు రోజుకు ఐదారు ఇళ్లు తిరుగుతున్నాడు.

"ఇంటికచ్చినోనికి నీళ్లియ్యకుంట ఎట్లుంటం అల్లుడా? పాపం తలుగదా?" అంది అత్త.

నేనూరుకుంటానా? ఇంటింటికీ తిరిగి, అరుగరుగుకూ ఒక పాఠం చెప్పాను. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణానికే ముప్పని భయపెట్టాను. ఆడవాళ్లు నాకు 'నీళ్ల పోలీసు' అని పేరు పెట్టి నవ్వారు కానీ మాట విన్నారు. వారం తిరిగేసరికి బరువు తగ్గింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

బాపు తిరగడం మానేశాడు. ఎవరు పిలిచినా కదిలేవాడు కాదు. ఒకనాడు అమ్మతో అంటుంటే విన్నాను: "నా గిలాస, కంచం వేరే పెట్టు. నాలుగిండ్లకు పోయిన, కూసోమన్నరు, ముచ్చట వెట్టిండ్రు. ఒక్కరు గూడ నీళ్లియ్యలే. నా రోగం అంటుకుంటదని భయపడుతుండ్రు." బరువెందుకు తగ్గిందో నాకు తెలుసు. ఆయన లోపల ఇంకేం తగ్గిందో అప్పుడు తెలిసింది. అయినా నిజం చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది.

చెప్పినప్పుడు తిడతాడనుకున్నాను. "నువ్వా? నేను ఊరే మారిపోయిందనుకున్నరా" అని తేలిగ్గా ఊపిరి వదిలాడు. వెంటనే బేరం పెట్టాడు: "నా మాపటి చాయ బంద్ చెయ్. గన్ని నీళ్లు ఎవరింట్లనన్న తాగుత." ఆ రోజు నుంచి సాయంత్రం చాయగ్లాసు పట్టినన్ని నీళ్లే, రోజుకొక ఇంట్లో. ఆయన ఒక్కొక్క చుక్కా చప్పరిస్తూ గంటసేపు కబుర్లు చెప్పేవాడు. నేను పక్కన కూర్చునేవాణ్ణి, పాఠాలేమీ చెప్పకుండా.

అలా ఏడు నెలలు గడిచాయి. ఒక పొద్దున ఆయనకు ఊపిరి అందలేదు. ఇక లాభం లేదని తెలిశాక, నోట్లో నీళ్లు పోయడానికి ఊళ్లోవాళ్లంతా వచ్చారు. మొదట మూలింటత్త కూర్చుంది. చెంచా ముంచి, చేయి గాల్లోనే ఆపి, నా వైపు తిరిగి భయంభయంగా అడిగింది: "ఎన్ని పొయ్యాలె అల్లుడా?"

అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా, అప్పటి నాలోని ఆ కుర్ర సారును తలచుకున్నప్పుడల్లా అదే నవ్వు, వెనకే అదే ఏడుపు.

"నీ ఇష్టమత్తా," అన్నాను. "చెంబెడు పొయ్యి."