మా అత్తమ్మ విన్న బైబిలు

పోయిన ఆదివారం, గుడి గంట కొట్టక ముందే, మా అత్తమ్మ పోయింది. మా సంఘంలో చనిపోయింది అనరు, నిద్రించింది అంటారు. ఆమె విషయంలో ఆ మాట నాకు సరిగ్గానే తోచింది. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె కంటినిండా నిద్రపోగా చూసింది లేదు. ఇప్పుడన్నా పడుకోనీ అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

మీలో ఎవరికీ ఆమె తెలియదు. చొప్పదండి దాటి చాలా దూరం నడిస్తే మా ఊరు, ఊరు దాటితే మా వాడ. ఆమె చదువుకోలేదు, ప్రసంగాలు చేయలేదు. ఇతరుల చేలల్లో పత్తి ఏరింది, జొన్న కోసింది, ఒక్క కొడుకును పెంచి బొగ్గుగనికి పంపింది. ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. కానీ మేమిద్దరం కలిసి ఒక ఏడాది పాటు చేసిన పని ఒకటుంది. దాన్ని చెప్పకపోతే నాకు తోచడం లేదు.

నేను కోడలిగా రావడానికి చాలా ముందు ఆమెకు ఒక ఆడపిల్ల పుట్టింది. రజాకార్ల గడబిడ రోజులవి. దారులన్నీ బందు. బాప్తిస్మం ఇవ్వడానికి అయ్యగారు, అంటే మా పాస్టరు, ఊరికి రాలేకపోయాడు. బాప్తిస్మం నాడే పేరు పెడదామని వీళ్ళు ఆగారు. నెల నిండకుండానే పిల్ల జ్వరంతో పోయింది. బాప్తిస్మం లేని పిల్లను సమాధుల తోటలో పెట్టవద్దని సంఘం పెద్దలు అంటే, మా మామయ్య తోటకు వేసిన ముళ్ళకంచె అవతల, దాన్ని ఆనుకునే గుంట తవ్వి పెట్టాడు.

పోలీసు యాక్షను అయి, దారులు తెరుచుకున్నాక అయ్యగారు వచ్చాడు. "అయ్యా, నా బిడ్డ యాడున్నది?" అని ఈమె అడిగిందట. బాప్తిస్మం లేదు కదమ్మా, పరలోకంలో చోటుండదు, అట్లా రాసి ఉంది అన్నాడట ఆయన. రానిదేమో ఆయన, చోటు లేనిదేమో పిల్లకు! నేనైతే అక్కడే నోరు చేసుకునేదాన్ని. ఈమె మాత్రం కొంగు నెత్తిన కప్పుకుని ఇంటికి వచ్చి పొయ్యి ముట్టించింది. "ఎక్కడ రాసున్నదో సూపియ్యి అందామనుకున్న పిల్లా. సూపిత్తే మాత్రం నాకు సదువత్తదా?" అని నాతో ఎన్నోసార్లు అంది.

నాది ఆదిలాబాదు దిక్కు. మిషన్ బోర్డింగులో ఉండి ఏడో తరగతి దాకా చదివాను. నేను వచ్చిన వారంలోనే అడిగింది.

"నీకు సదువత్తది గదా?"

"వస్తది అత్తమ్మా."

"మొత్తం బైబిలు సదువుతవా?"

కొత్త కోడలి మెడలో బంగారం వంక చూసే అత్తలను చూశాను గానీ, కోడలి నోటి వంక అట్లా చూసిన అత్తను అక్కడే చూశాను. సరే అన్నాను. అనడమే గానీ మొదలుపెట్టడానికి ఏళ్ళు పట్టింది. పొద్దంతా కూలి, ఇంటికి వస్తే నీళ్ళు, కట్టెలు, జొన్న గట్క వండడం. అక్కడో ముక్క ఇక్కడో ముక్క చదివితే ఆమెకు నచ్చేది కాదు. "గట్ల ఏరుకొని సదివితే మనకు కావల్సిందే దొరుకుతది. మొదలుకెల్లి ఒడిసేదాక ఇనాలె" అనేది. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంతెంత చదవాలో మాకు అంతు చిక్కేది కాదు.

ఒక ఏడు సంఘం జాతరకు ఒక ముసలి పంతులు వచ్చాడు. బైబిలు బడిలో చెప్పి చెప్పి గొంతు పోయిన మనిషి. యూదులు ధర్మశాస్త్రాన్ని ఏడాదికొకసారి మొత్తం చదువుతారని, పర్ణశాలల పండుగ అయ్యాక మొదలుపెట్టి మళ్ళీ ఆ పండుగకు ముగిస్తారని, ముగించిన నాడే మళ్ళీ మొదటి ఆకు తిప్పుతారని ఆయనే చెప్పాడు. వాళ్ళ నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయట. ఆ పండుగ మన దసరా తర్వాతి పున్నమికి అటూ ఇటూగా పడుతుందట. అత్తమ్మ ముందుకు జరిగి కూర్చుంది. ఆమెకు ఇంగ్లీషు తారీఖులు తెలియవు. చందమామ ఒకటి తెలుసు.

"గట్లయితే నాకు లెక్క దొరుకుతది పంతులయ్యా. ఏడాదిల మొత్తం ఒడుస్తదా?"

"వాళ్ళు చదివేది అయిదు పుస్తకాలేనమ్మా. నీకు మొత్తం కావాలంటే దినాం ఎక్కువ చదవాలె."

"సదివేది నేనా? నా కోడలు."

పంతులు నవ్వి, మా బైబిలు తీసుకుని, నెలకింత అని పంచాడు. అత్తమ్మ తన పాత చీర అంచు చింపి ఇస్తే పన్నెండు పీలికలు పన్నెండు చోట్ల పెట్టాడు. వెళ్ళేటప్పుడు ఇంకో మాట చెప్పిపోయాడు. యూదులకు దినం తెల్లవారి మొదలు కాదు, పొద్దు గూకగానే మొదలవుతుందని. ఆయన మనసులో ఏముందో గానీ ఆ మాట నా ప్రాణానికి వచ్చింది.

దసరా పున్నమి నాడు ఆదికాండము తెరిచాను. అప్పటి నుంచి రోజూ కందిలి ముట్టించే వేళకు, పొయ్యి మీద ఎసరు పెట్టి, నన్ను కూర్చోబెట్టేది. తాను కాళ్ళు చేతులు కడుక్కుని కొంగు కప్పుకునేది. అవి పత్తి ఏరే రోజులు. వేళ్ళ సందుల్లో పగుళ్ళు, నడుము రెండు ముక్కలు. లేవీయకాండములో ఆ బలుల పద్ధతులు, ఆ కొవ్వు, ఆ మూత్రగ్రంథులు చదువుతూ ఉంటే అక్షరాలు ఈగల్లా ముసురుకునేవి.

"రేపు చదువుదాం అత్తమ్మా. నా వల్ల కాదు."

"పొద్దు గూకింది. రేపు వచ్చింది. సదువు."

"అలిసినోల్లే సదవాలె, అలిసినోల్లే ఇనాలె. సుకంగున్నోల్లకు ఇది ఏం ఎక్కుతది?" అని పైగా ఒక మాట. చదవడం అయ్యాక బైబిలు చేతికి తీసుకుని, అయిపోయిన పేజీలను ఒక వేళ్ళ సందున, మిగిలిన వాటిని ఇంకో వేళ్ళ సందున పట్టి చూసుకునేది. మిగిలినదే మందంగా ఉండేది. నేను నిట్టూర్చేదాన్ని, ఆమె కూడా నిట్టూర్చేది. నా నిట్టూర్పు వేరు, ఆమెది వేరు.

చలికాలంలో దావీదు రాజు కథ దగ్గరికి వచ్చాం. ఆమె చేటతో కందులు చెరుగుతోంది. రాజుకు పుట్టిన పిల్లవాడికి జబ్బు చేసింది అనగానే చేట ఆగింది. రాజు నేల మీద పడి ఉండడం, అన్నం ముట్టకపోవడం, పిల్లవాడు పోవడం, అన్నీ చదివాను.

"ఎన్నో నాడు పోయిండు?"

"ఏడో నాడు."

"వాల్లకు మన బాప్తిస్మం లెక్క సున్నతి గదా, ఎన్నో నాడు జేత్తరని సదివినవు?"

"ఎనిమిదో నాడు."

"అయితే పిల్లగానికి కాలే."

"కాలే అత్తమ్మా."

"మల్ల రాజేమన్నడు?"

"వాడు నా దగ్గరికి మళ్ళ రాడు, నేనే వాని దగ్గరికి పోతనన్నడు."

ఆమె చేటలోని కందులను వేలితో ఒక పక్కకు జరిపింది. "దొరికింది కదా అత్తమ్మా, ఇక ఆపుదామా?" అన్నాను. దొరికిన సంతోషం సగం, విశ్రాంతి దొరుకుతుందన్న ఆశ సగం. ఆమె చేట ఎత్తింది.

"ఒక్క దిక్కు ఇని లేత్తే పంచాయితి అయితదా? ముందల ఏం రాసున్నదో. మొత్తం ఇనాలె."

ఆ రోజు నుంచి భయం నాకు పట్టుకుంది. ఏ ఆకు తిప్పితే ఏ మాట బయట పడుతుందోనని ముందే కళ్ళతో వెతుక్కుంటూ చదివేదాన్ని. వానలు పడే నాటికి సువార్తల్లో పడ్డాం. చిన్న పిల్లలను ఆపకండి, నా దగ్గరికి రానివ్వండి అని ప్రభువు అన్న చోట ఆమె ముఖం చూడాలి! రెండుసార్లు చదివించుకుంది. యోహాను దాకా వచ్చేసరికి, నీటి మూలంగా, అంటే బాప్తిస్మంతో, పుట్టకపోతే దేవుని రాజ్యంలోకి పోలేరన్న మాట వచ్చింది. ఇంటి కప్పు కారుతోంది. కింద పెట్టిన గిన్నెలో చుక్కలు పడుతున్నాయి. నేను చదవడం ఆపాను.

"ఎందుకాగినవ్? సదువు."

చదివాను. ఇంకోసారి చదవమంది. చదివాను.

"ఎవలతోని అంటాండు?"

"ఒక పెద్దమనిషితోని. ముసలాయన."

"ముసలాయనతోనేనా..." అని ఆగింది. "అయ్యగారు అబద్ధం జెప్పలే పిల్లా. నేనే ఊకె ఇన్నేండ్లు ఆయన్ని మనసుల తిట్టుకున్న. రాసే ఉన్నది."

ఆ పూట ఆమె అన్నం తినలేదు. దేవుడా, ఇంత కష్టపడి నా నోటితోనే ఈమెకు ఈ మాట వినిపించానా అని నాకు దుఃఖం వచ్చింది. బైబిలు మూసి అటకెక్కిద్దామన్నంత కోపం కూడా వచ్చింది. మరునాడు పొద్దు గూకగానే ఆమే తీసి నా ముందు పెట్టింది. ఎసరు పెట్టి వచ్చి కూర్చుంది.

చివరి పుస్తకం ప్రకటన ఒడిసిన నాడు నేను ఆనందంతో కేకేశాను. అయిపోయింది అత్తమ్మా, పన్నెండో పీలిక కూడా అయిపోయింది!

"ఇంక ఆకులున్నయి గదా ఎనక?"

"అవి పటాలు. ఊర్లు, నదులు."

"వాట్ల గూడ ఏం రాయలేదా?"

"లేదు."

ఆమె వాకిట్లోకి వెళ్ళి ఆకాశం వంక చూసింది. బతుకమ్మలు ఇంకా మొదలు కాలేదు. దసరా ఎక్కడిది, దసరా పున్నమి ఎక్కడిది? ఇద్దరికీ అర్థం కాలేదు. మేము కూలికి పోయే రైతు భార్య విని పకపకా నవ్వింది. "ఇయ్యేడు అధికమాసం పడ్డది, మీకు తెల్వనే తెల్వదా?" అంది. మాకెట్లా తెలుస్తుంది? మిషన్ వాళ్ళ ఇళ్ళల్లో పంచాంగం ముట్టుకోరు. పంతులు కూడా ముట్టుకోలేదు, ఊరికే పన్నెండు పీలికలు పెట్టి పోయాడు. చందమామను నమ్ముకుని, చందమామ లెక్క రాసిన పుస్తకాన్ని మాత్రం ఇంట్లోకి రానివ్వని తెలివి మాది.

"ఏడు ఇంక ఒడువలే. నెల మిగిలింది" అంది అత్తమ్మ. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగా తిరిగాయి, అలసటతో. అప్పుడు ఆమె నా వంక చూడకుండా, "నేను కునికిన దినాలున్నయి పిల్లా. గయి మల్ల సదువు" అంది. మక్కజొన్న కంకులు ఒలిచిన వారం కునికిందట. నాట్లు వేసిన రోజుల్లో కునికిందట. ఏ పని నాడు ఏ పుస్తకంలో ఉన్నామో ఇద్దరం గుర్తు చేసుకుని, ఆ చోట్లన్నీ మళ్ళీ చదివాను. దినవృత్తాంతములలోని పేర్ల వరుసలు కూడా. ఒక్క పేరు వదలనివ్వలేదు.

దసరా వెళ్ళిన పున్నమి నాడు చదవడానికి ఏమీ మిగల్లేదు. ఇద్దరం ఊరికే కూర్చున్నాం. "ఏం తేలింది అత్తమ్మా?" అన్నాను.

"రెండు దిక్కుల ఇన్న. నా బిడ్డ యాడున్నదో గా పుస్తకం నాకు జెప్పలే. ఇగ ఎవల్ని అడుగ. రాజు పోతనన్నడు, నేను గూడ పోత. అది యాడుంటే నేను గాడనే. నన్ను తోటల పెట్టకుర్రి, దాని పక్కన పెట్టుర్రి."

ఆ మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు. పొయ్యిలో కట్టె ఎగదోసింది.

మొన్న ఆమె పోయాక ఈ సంగతి చెప్తే సంఘం పెద్దలు ఒప్పుకోలేదు. చెడ్డ మనసుతో కాదు. "గంత భక్తి గల్ల మనిషిని కంచె బయట పెడితే లోకం ఏమంటది? సంఘానికి నామోషి గాదా?" అన్నారు. అప్పుడు బిడ్డకు లోపల చోటు లేదన్నారు, ఇప్పుడు తల్లికి బయట చోటు లేదంటారు. నేను గట్టిగానే మాట్లాడాను. ఏడాది చదివిన గొంతు కదా, నలుగురి మధ్య లేచింది.

ఇప్పటి అయ్యగారు చిన్నవాడు. సైకిలు చక్రంలో గాలి పోతే ఎండలో తోసుకుంటూ వచ్చాడు. చెమట తుడుచుకుంటూ అంతా విన్నాడు. "అక్కా, రెండు మాటలూ రాసే ఉన్నయి. నేను గూడ తేల్చలేను" అన్నాడు. మళ్ళీ తానే, "తల్లిని బిడ్డ కాడికి పోవద్దని మాత్రం యాడ రాయలే" అన్నాడు.

మా ఆయన ఎవరి మాట కోసమూ ఆగలేదు. గని నుంచి వచ్చిన బట్టలతోనే వెళ్ళి, ఆ పసిపిల్లను పెట్టిన చోటి రాళ్ళ కుప్ప పక్కనున్న కంచెను చేతులతో లాగడం మొదలుపెట్టాడు. అది తీస్తే గానీ తవ్వడానికి జాగా లేదు. పెద్దల్లో ఒకాయన కాసేపు చూసి, కండువా నడుముకు చుట్టి, తానూ ఒక కంప పట్టాడు.

పని అయ్యేసరికి అందరూ అలిసిపోయారు. కంచె తర్వాత వేద్దామన్నారు. తర్వాత అంటే ఎప్పుడని నేను అడగలేదు. నిన్న పోయి చూస్తే, ఆ సందులో నుంచి మేకలు తోటలోకి పోతున్నాయి, తోటలో నుంచి వస్తున్నాయి. కొత్త మట్టి పెద్ద కుప్పకూ, పాత రాళ్ళ చిన్న కుప్పకూ పక్కగా అప్పుడే సన్నని కాలిబాట పడింది.