హార్డ్‌డిస్కుకు ఈశాన్యం

జాల్యాకు కంప్యూటర్ నేర్పింది పత్తి. దేవరుప్పుల పక్క తండా నుంచి వచ్చి జనగామ జిన్నింగు మిల్లులో దూదిని అదిమి బేళ్ళు కొట్టే ప్రెస్సు దగ్గర ఆరేళ్ళు పనిచేశాడు. మిల్లు కాంటా గదిలో కంప్యూటర్ ఒకటి నెలకోసారి మొండికేసేది. వరంగల్ నుంచి మెకానిక్ వచ్చేదాకా పత్తి బండ్లు రోడ్డు మీద బారులు తీరేవి. ఒకసారి ఆ మెకానిక్ మూత తీసి, లోపల పేరుకున్న దూదిని చీపురుపుల్లతో లాగి, మళ్ళీ మూత పెట్టి వెళ్ళిపోవడం జాల్యా చూశాడు. తర్వాతిసారి మిల్లువాళ్ళు వరంగల్‌కు ఫోను చేయలేదు.

అక్కడి నుంచి స్టేషన్ రోడ్డులో సొంత దుకాణం దాకా రావడానికి అతనికి నాలుగేళ్ళు పట్టింది. పెట్టె విప్పితే మరలన్నీ చాయ సాసరులో వేసేవాడు. పని అయ్యాక సాసరులో ఒక్క మర మిగిలినా మొత్తం మళ్ళీ విప్పేవాడు. స్క్రూడ్రైవర్ చేతిలో ఉన్నంతసేపు నోరు తెరిచేవాడు కాదు. "నీతోని మాట్లాడాలంటే నేను గూడ ఖరాబ్ కావాలె" అనేది భార్య చాందీ.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన నాటి సంగతి ఇది. భూపాలపల్లిలో బొగ్గుబాయిలు బందు పడ్డాయి. బస్సులు లేవు, బడులు లేవు. కరెంటు పదకొండింటికి వచ్చి రెండింటికి పోయేది. అలాంటి ఒక రోజు, కరెంటు రాకముందే, చాందీ దుకాణానికి పరుగున వచ్చింది.

"పొద్దున ఇద్దరొచ్చి వాళ్ళ పెట్టెలు వాపస్ తీస్కపోయిండ్రు గద, ఎందుకో ఎరికేనా? నర్సింగరావు సేటు దీక్ష శిబిరంల మైకు పట్టి చెప్పిండట. నూటరవై జీబీ డిస్కు అని చెప్పి నువ్వు సగం డిస్కే పెట్టినవట."

జాల్యా సాసరులోని మరలు డబ్బాలో పోశాడు. స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు. సేటు ఇంటి దారి పట్టాడు.

నర్సింగరావుది పత్తి అడ్తి దుకాణం. సమ్మెలో దుకాణానికి షట్టర్ వేసి ఉద్యమంలో దిగాడు. నాలుగు రోజుల కింద చౌరస్తాలో రోడ్డు మీదే వంటావార్పు చేసినప్పుడు పోలీసులు ఆయన్ను వ్యాను ఎక్కించారు. రెండు గంటల్లో వదిలేశారు కానీ, ఎక్కేటప్పుడు వెనక్కి తిరిగి పిడికిలెత్తిన తీరు మాత్రం పెళ్ళిళ్ళ వీడియోగ్రాఫర్ సాంసన్ కెమెరాలో భద్రంగా పడింది. ఆ వీడియోను ఆ రోజు సాయంత్రం నాలుగింటికి శిబిరంలో తెర కట్టి చూపాలని ఊరంతా చాటింపయింది. తీరా ముందురోజు కరెంటున్నప్పుడు క్యాసెట్‌ను సేటు ఇంటి కంప్యూటర్‌లోకి ఎక్కించబోతే, జాగ లేదని రెండుసార్లు మొరాయించింది. కాలేజీ బందై హాస్టల్ నుంచి వచ్చిన సేటు కొడుకు నవీన్ కంప్యూటర్ తెరిచి చూశాడు. మొత్తం డెబ్బైనాలుగు జీబీలే కనబడ్డాయి; కంప్యూటర్ లెక్కలో ఎనభై డిస్కుకు కనబడేది అంతే. మిగిలిన సగం జాల్యా జేబులోకి పోయిందన్నాడు.

మిగిలిన సగం ఎక్కడికి పోయిందో జాల్యాకు తెలుసు. రెండేళ్ళ కింద ఆ కంప్యూటర్ బిగించిన రోజు సేటు తల్లి లక్ష్మీనర్సమ్మ అతని పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"గీ డబ్బల ఈశాన్యం ఎటు బిడ్డా?"

జాల్యా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"మా ఇంట్ల ఏ అర్రలనైన ఈశాన్యం మూల బరువు పెట్టం. గండ్ల గూడ జర ఖాళీ ఉంచు. నా కొడుకుకు చెప్పకు, నవ్వుతడు. మనుమడు అసలే ఇంజనీరు. చెప్పనని నా చేతిల చెయ్యి వెయ్యి."

లెక్కలు రాసుకునే కంప్యూటర్‌కు సగం డిస్కు చాలా ఎక్కువ. జాల్యా డిస్కును గదుల్లా రెండర్రలు చేసి, రెండో అర్రకు తలుపు కనబడకుండా చేశాడు. ఆమె చేతిలో చెయ్యి వేశాడు. ఇప్పుడు మూత విప్పి డిస్కు మీది నూటరవై చీటీ చూపడం రెండు నిమిషాల పని. కానీ అది చూపగానే, మరి సగమేదని అడుగుతారు. అడిగితే ముసలమ్మకిచ్చిన మాట పోతుంది. చెప్పకపోతే తన పని పేరు పోతుంది.

అతను సేటు ఇంటికి చేరేసరికి కరెంటు వచ్చింది. సాంసన్ కెమెరాకు తీగ తగిలించి కూర్చున్నాడు. "గంట క్యాసెట్ అన్నా. ఎక్కాలంటే గంట పడ్తది. ఒకటిలోపు మొదలుపెట్టకుంటే నడుమల్నే కరెంటు పోతది" అన్నాడు.

"సగం డిస్కుల ఎంత సేపైన ఎక్కదు" అన్నాడు నర్సింగరావు, మడిచిన చేతులు విప్పకుండా.

జాల్యా కుర్చీలో కూర్చున్నాడు. "తమ్మీ, ఆటలు ఎక్కించినవా?" అని నవీన్‌ను అడిగాడు.

"ఎండకాలం మూడు ఎక్కించిన. అన్ని తీసేసిన. చూడన్నా, ఒక్కటి గూడ లేదు."

తెర మీద నిజంగానే ఏమీ లేదు, వేంకటేశ్వరస్వామి పటం తప్ప.

"బొమ్మలు తుడిచినవు. బోర్డు పీకితే దుకాణం పోతదా తమ్మీ?"

ఆ ఆటలు విడిగా వచ్చినవి కావు. లాంచర్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. ఆట దింపడం, ఎక్కించడం, ఆడడం అంతా దాని ద్వారానే. తీసేయడం కూడా దాని ద్వారానే జరగాలి. జాల్యా లాంచర్ ఫైళ్ళు దాచుకునే సంచి వెతికి తూకం వేశాడు. ఆరు జీబీ అని లాంచర్‌లో రాసి ఉన్న కార్ల ఆట పదహారు తూగింది.

"గిదేంది, ఆరన్నరు గద" అన్నాడు నర్సింగరావు.

"సేట్, బేలు విప్పితే ఏమైతది?"

పత్తి మాట వచ్చేసరికి నర్సింగరావు చేతులు విప్పాడు. "ఏమైతది, ఉబ్బుతది. గది నిండుతది."

"విప్పినంక బేలు ఏడుంటది?"

"ఏడుంటది? విప్పితే పత్తే గదా."

"పత్తిల అంతే సేట్. ఇండ్ల విప్పినంక గూడ బేలు అట్లనే ఉంటది. తమ్మి హాస్టల్ల ఆటను కట్టకట్టి తెచ్చి ఒకకాడ పెట్టిండు. గది బేలు. లాంచర్ దాన్ని విప్పి ఇంకోకాడ పరిచింది. గది పత్తి. మల్ల నెలనెలా కొత్త సరుకు దింపి పైన పోసింది. ఒక్క ఆటకు మూడు కుప్పలు."

మూడు ఆటలకు కలిపి యాభై దాటింది. నవీన్ తల గోక్కున్నాడు. జాల్యా లాంచర్ లోపలికి పోయి ఆటలను ఒక్కొక్కటే తీయసాగాడు. జాబితా అడుగున నాలుగోది కనబడింది. లారీలు నడిపే ఆట. పక్కన ఆడిన గంటలు కూడా లాంచరే రాసి పెట్టింది. నూటనలభై మూడు.

"గిది నాది కాదు" అన్నాడు నవీన్. "ఎండకాలం ఒక్కసారి ఆట ఎట్ల దింపాల్నో బాపుకు చూపిచ్చిన, గంతే. నేను హాస్టల్ల ఉన్న గద."

లక్ష్మీనర్సమ్మ గడప మీద కూర్చుని పప్పు చెరుగుతోంది. "ఏమిరా, రోజు మధ్యాన్నం తలుపేసి లెక్కలు చూస్తున్న అంటివి."

"గవే లెక్కలు" అన్నాడు నర్సింగరావు. "సాంసన్, నువ్వు క్యాసెట్ సంగతి చూడు."

సాంసన్ కెమెరా మీదికి వంగి, నవ్వు అక్కడ దాచుకున్నాడు. నర్సింగరావుకు ఆ నవ్వు వినబడింది. ఎక్కడో ఒకచోట తన మాట నెగ్గాలి కదా.

"సరే, ఆటలు తిన్నయి. ఒప్పుకున్న. కాని అన్ని కలిపినా డెబ్బైనాలుగే గద. మిగిలిన సగమేది జాల్యా?"

జాల్యా స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టాడు. "సగం ఇండ్లనే ఉన్నది సేట్. ఏడున్నదో నన్నడుగకుండ్రి."

"నిన్నడుగకపోతే ఎవలనడుగాలె? చెప్పకపోతే సాయంత్రం మల్ల మైకుల చెప్త."

జాల్యా స్క్రూడ్రైవర్ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. పన్నెండూ నలభై అయింది. చేట చప్పుడు ఆగింది.

"ఆని నోరు కుట్టింది నేనేరా" అంది లక్ష్మీనర్సమ్మ. "సగం ఈశాన్యానికి ఇడిపిచ్చిన. నాకిచ్చిన మాటకు పాపం మొగోడు మొకం మాడ్చుకొని కూసున్నడు. తలుపు తియ్యి బిడ్డా."

జాల్యా నాలుగు మీటలు నొక్కాడు. తెర మీద రెండో అర్ర తేలింది, 'ఈశాన్యం' అనే పేరుతో. డెబ్బైనాలుగుకు డెబ్బైనాలుగూ ఖాళీ. నవీన్ కుర్చీలోంచి జారిపడేలా నవ్వాడు. "గిండ్ల నా ఆటలన్ని పెట్టుకోవచ్చు నానమ్మా."

"కార్లు, లారీలు తెచ్చి ఈశాన్యంల పెడ్తవా? ఇల్లు కూలుతది."

"మరి వీడియో?" అన్నాడు సాంసన్, గడియారం చూస్తూ. "పాత అర్ర ఊడ్చేటాలకు ఒకటి దాటుతది అవ్వా."

ఆమె ఆలోచించింది. "గండ్ల ఏమేమున్నది?"

"రోడ్డు మీద పొయ్యిలు, వంట, జనం. మొదాల్నే మీరు గుండిగెల బిందెడు నీళ్ళు పోస్తరు."

"నీళ్ళున్నయా? మరి జల్ది చెప్పవైతివి. ఈశాన్యంల నీళ్ళుండాలె. పెట్టుండ్రి."

క్యాసెట్ పన్నెండూ యాభైకి తిరగడం మొదలుపెట్టింది. రెండింటికి కరెంటు పోయేసరికి వీడియో డిస్కులోకి ఎక్కడమే కాదు, ఒక ముక్క సీడీకి ఎక్కడం కూడా అయింది. ఆ ముక్కలోనే సేటు పిడికిలి ఉంది.

నాలుగింటికి శిబిరంలో జనరేటర్ పెట్టి తెర కట్టారు. బొమ్మ పడకముందు నర్సింగరావు మైకు అందుకున్నాడు. "పొద్దున ఒక మాటన్న. తప్పు. జాల్యా పెట్టింది పూర తూకం. సగం మా అమ్మ దాచింది" అన్నాడు. మొదటి వరుసలో కూర్చున్న లక్ష్మీనర్సమ్మ కొంగు సర్దుకుంది. చాందీ వెనక వరుసలోంచి మెడ చాపి, పొద్దున పెట్టెలు తీసుకెళ్ళిన ఇద్దరినీ వెతికి పట్టుకుని, వాళ్ళు చూపు తిప్పుకునేదాకా చూసింది.

బొమ్మ నడుస్తుండగా నర్సింగరావు చీకట్లో జరిగి జాల్యా పక్కకు చేరాడు. తెర మీద తాను పిడికిలెత్తబోతున్నా అటు చూడలేదు.

"జాల్యా, గా లారీలది... తీసేసినవా?"

"లేదు సేట్. బేలు పారేసిన. పత్తి ఉంచిన."